ఉడుతల కొండ మీద మంచు

మన బరంపురంలో పుట్టి పెరిగినవాళ్ళకు మంచు అంటే ధనుర్మాసంలో తెల్లవారుజామున చెరువు గట్టు మీద కమ్ముకొనేదే. ముగ్గు వేసేటప్పుడు వేళ్ళకు కాస్త చలి తగులుతుంది. ఎనిమిది గంటలయ్యేసరికి ఎండ వచ్చి అంతా సర్దుకొంటుంది. ఆ మంచును పారతో ఎత్తి పోయవలసి ఉంటుందనీ, ఎత్తడానికి మనిషిని మాట్లాడుకోవాలనీ, ఆ మనిషి దొరక్కపోతే ప్రాణం మీదికి గూడా రావచ్చుననీ మాకెవరూ చెప్పలేదు. మన భాషలో తెల్లవారి పొగమంచుకూ, గడ్డిపరక మీది మంచుబొట్టుకూ, ఆకాశం నుంచి దూదిలా రాలేదానికీ కలిపి ఒక్క మాటే ఉన్నది. అందుకే కాబోలు, అక్కడి మనవాళ్ళు చక్కని తెలుగు మాట్లాడుతూనే దీన్ని మాత్రం ‘స్నో’ అంటారు.

మేమిద్దరం అక్కచెల్లెళ్ళం. ఇద్దరమూ బడిపంతులమ్మలుగా పనిచేసి విరమించుకొన్నవాళ్ళం. మా పిన్నీ బాబయ్యా అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని పిట్స్‌బర్గు నగరంలో యాభై ఏళ్ళుగా ఉంటున్నారు. 1965లో అక్కడి వలస చట్టం మారి, మనవంటి దేశాల నుంచి చదువుకొన్నవాళ్ళకు తలుపులు తెరుచుకొన్న తరువాత వెళ్ళిన తొలి వరసవాళ్ళలో బాబయ్య ఒకరు. 1970లో ఇంజనీరుగా వెళ్ళారు. కొడుకు కాలిఫోర్నియాలో, కూతురు టెక్సాసులో. కరోనా వల్ల రెండేళ్ళు ఎవరూ ఎవరినీ చూసుకోలేదు. 2021 నవంబరులో టీకాలు వేసుకొన్న పరదేశులను అమెరికా మళ్ళీ రానివ్వడం మొదలుపెట్టగానే, మాకు పాత వీసాలు ఉన్నాయి గనుక, డిసెంబరులో బయలుదేరాము. పెట్టెలో సగం బరంపురం అప్పడాలు, ఊరగాయలు; మిగతా సగం ఎవరెవరో అప్పిచ్చిన ఉన్ని బట్టలు.

పిట్స్‌బర్గును మైదానం మీది ఊరుగా ఊహించుకొని వెళ్ళాము. తీరా చూస్తే అది అంతా కొండలూ లోయలూ. ఎలిగెనీ, మొనాంగహేలా అనే రెండు నదులు ఊరి నడుమ కలిసి ఒహాయో నది అవుతాయి. ఆ నదుల ఒడ్డుల నుంచి కొండలు నిటారుగా లేస్తాయి. వాటి మీద వీధులు, వీధుల మీద ఇళ్ళు. పూర్వం ఉక్కు కర్మాగారాల్లో పనిచేసే కూలీలు కొండ మీది ఇళ్ళ నుంచి నది ఒడ్డుకు దిగి వెళ్ళేందుకు కట్టిన మెట్లదారులు ఇప్పటికీ ఏడువందలకు పైగా ఉన్నాయి. పటంలో వీధి అని పేరు ఉంటుంది, వెళ్ళి చూస్తే అది మెట్లవరస! కాంటన్ ఎవెన్యూ అనే వీధి నూరడుగులకు ముప్ఫై ఏడడుగుల ఎత్తు ఎక్కుతుందని బాబయ్య గర్వంగా చెప్పారు, తానే కట్టించినట్టు. సింహాచలం కొండ ఎక్కినవాళ్ళం, మాకేమిటి అనుకొన్నాము. సింహాచలం మెట్ల మీద ‘స్నో’ పడదు.

పిన్నీవాళ్ళు ఉండే పేటను స్క్విరిల్ హిల్ అంటారు. మేము దాన్ని ఉడుతల కొండ అని పిలుచుకొన్నాము, పేరుకు తగినట్టు ఉడుతలు ఉన్నాయి గూడాను. మన ఉడుతలకన్న రెండింతలు. ఇటుక ఇల్లు. వీధికి చాలా ఎత్తున ఉంటుంది. వీధిలోని కాలిబాట మీద నుంచి గుమ్మానికి చేరాలంటే పదహారు మెట్లు ఎక్కాలి. కొన్ననాడు ఆ మెట్లు ఇంటికి అందమనుకొన్నారట. ఇప్పుడు డెబ్భై ఎనిమిదేళ్ళ బాబయ్యకూ, మోకాళ్ళనొప్పుల పిన్నికీ అవే పరీక్ష. బాబయ్యకు 2019లో గుండె రక్తనాళంలో స్టెంటు వేశారు. పార పట్టరాదని డాక్టరు అప్పుడే ఖండితంగా చెప్పాడు. ఆ మాట ఆయన పెద్దగా లెక్కచేసినట్టు లేదు.

2022లో సంక్రాంతి శనివారం వచ్చింది. మరునాడు కనుమ. కనుమనాడు కాకి గూడా కదలదంటారు గదా, ఆనాడు మధ్యాహ్నం నుంచి పిట్స్‌బర్గులో నిజంగానే కాకి కదలలేదు. పిన్ని గారెలు వండుతుండగా కిటికీ బయట మొదలయింది. మేము పిల్లల్లాగా వరండాలోకి పరుగెత్తి అరచేతులు చాచాము. చప్పుడు లేదు. వాన అయితే చప్పుడు ఉంటుంది, తుఫాను అయితే చెప్పనే అక్కర్లేదు. ఇది ఊరందరి నోరూ మూసినట్టు పడుతుంది. మేము ఫోటోలు తీసుకొంటుంటే బాబయ్య మాత్రం కిటికీ దగ్గర నిలబడి, పెళ్ళివారి లెక్క చూసుకొనే మనిషిలాగా, మెట్లకేసి చూస్తూ ఉన్నారు. అప్పుడు మాకు అర్థం కాలేదు.

సోమవారం ఇంకా తెల్లవారక ముందు బరబరమని ఏదో గీస్తున్న చప్పుడుకు మెలకువ వచ్చింది. కిందికి దిగి చూస్తే వీధి తలుపు ఓరగా ఉన్నది. బాబయ్య ఆరో మెట్టు మీద కూర్చొని ఉన్నారు, పార పక్కన పడి ఉన్నది. ఒక చెయ్యి రొమ్ము మీద. వీధి దీపం వెలుతురులో ముఖం బూడిదరంగుగా కనబడింది. మేము ఎట్లా ఉన్నవాళ్ళం అట్లాగే, మేజోళ్ళతో, చెరొక రెక్క పట్టుకొని లోపలికి తెచ్చాము. పిన్ని నాలుక కింద మాత్ర పెట్టి, ఒక చేతిలో ఫోను పట్టుకొని, ఇంకొక చేత్తో ఆయన నాడి చూస్తూ కూర్చొన్నది. అంబులెన్సు వద్దు, వద్దు అని ఆయన. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే నీ మాట వినను అని ఆవిడ. మూడో నిమిషానికి తగ్గింది. తొమ్మిది గంటలకు ఫోనులో డాక్టరు పెట్టిన చివాట్లు పక్కగదిలో ఉన్న మాకు గూడా వినిపించాయి. తగ్గిందా లేదా అని చూస్తూ కూర్చోకుండా వెంటనే అంబులెన్సును పిలవవలసిందని పిన్నికీ అక్షింతలు పడ్డాయి.

చలి రక్తనాళాలను బిగిస్తుంది. బరువెత్తేటప్పుడు ఊపిరి బిగబట్టడంతో రక్తపు పోటు హఠాత్తుగా లేస్తుంది. రెండూ ఒక్కసారి జరిగితే జబ్బు గుండె తట్టుకోలేదు. కెనడాలో క్వెబెక్ రాష్ట్రపు ఆసుపత్రుల లెక్కలు 1981 నుంచి 2014 దాకా తీసి, 2017లో ఆ దేశపు వైద్య సంఘం పత్రికలో ప్రకటించారు. బాగా మంచు కురిసిన మరునాడు మగవాళ్ళలో గుండెపోట్లు పెరుగుతున్నాయి. ఆడవాళ్ళలో ఆ పెరుగుదల కనబడలేదు. పార ఎవరి చేతిలో ఉంటున్నదో ఇంక వేరే చెప్పాలా?

ఇంతకూ ఆ మంచు ఎంత బరువని బాబయ్యనే అడిగాము. ఇంజనీరు గదా, సోఫాలో పడుకొనే లెక్క చెప్పారు. ఇంటి ముందరి కాలిబాట నలభై అడుగుల పొడుగు, అయిదడుగుల వెడల్పు. మేము కుట్టుపని టేపు పెట్టి చూస్తే మంచు ఎనిమిది అంగుళాల లోతు. ఘనపుటడుగు మూడు కిలోల చొప్పున వేసుకొన్నా నాలుగు క్వింటాళ్ళు. అది పొడిమంచు సంగతి. తడిమంచు అయితే దానికి రెట్టింపు. పదహారు మెట్లు అదనం. పైగా ఊరివాళ్ళ లారీ వచ్చి వీధిలోని మంచును పక్కకు తోసిపోతుంది. ఆ తోసింది గట్టులాగా సరిగా మన కారు ముందరే పేరుకొంటుంది. ఎత్తి పక్కన పోసి, నడుము పట్టుకొని లోపలికి వచ్చాక మళ్ళీ లారీ వస్తుంది.

ఎత్తకపోతే ఏం? అని అడిగాము. మంచు ఆగిన ఇరవైనాలుగు గంటలలోగా ఇంటి ముందరి కాలిబాటను ఇంటివారే శుభ్రం చేయాలని ఆ ఊరి చట్టం. మెట్లు బాగు లేకపోతే తపాలావాడు ఎక్కకపోవచ్చు. ఆ ఇద్దరి మందులూ తపాలాలోనే వస్తాయి. తొక్కిన మంచు రాత్రికి గాజుపలకలా గడ్డకడుతుంది, దాని మీద కాలు జారితే తుంటి ఎముకే. ఇవన్నీ బాబయ్య చెప్పిన కారణాలు. ఆయన నిద్రపోయాక పిన్ని ఇంకొకటి చెప్పింది: “అవేవీ కావర్రా. పోయిన చలికాలం ఒకరాత్రి నాకు కళ్ళు తిరిగి పడ్డాను. అప్పటినుంచీ ఆయనకు ఒకటే భయం, నన్ను తీసుకెళ్ళే స్ట్రెచరు ఈ మెట్లు దిగగలగాలని. అందుకే చీకట్లో లేచి పోతారు.”

ఆ మాట విన్న తరువాత మేమిద్దరం బాబయ్య పాత బూట్లు, మూడు జతల మేజోళ్ళు తొడుక్కొని, చీరల మీద కోట్లు వేసుకొని బయటికి వెళ్ళాము. చదువరులు నవ్వుకొంటే నవ్వుకోండి. గంటలో నాలుగు మెట్లు చేశాము. మంచు పారకు అంటుకొని రాలదు. పిన్ని కిటికీలోంచి అరిచింది, పారకు వంటనూనె రాయండి అని. రాస్తే నిజంగానే జారిపోయింది. ఎత్తకూడదు, తోయాలి, నడుము తిప్పకూడదు, మోకాళ్ళు వంచాలి, పార నిండా కాదు, సగం. పాఠాలన్నీ వచ్చాయిగాని మెట్లు ఇంకా ఆరు మిగిలాయి, కాలిబాట మొత్తం మిగిలింది. మాకూ అరవై దగ్గర పడుతున్నాయి.

అక్కడినుంచి మనిషి కోసం వెతుకులాట మొదలుపెట్టాము.

ముందు డబ్బు తీసుకొని ఎత్తే కంట్రాక్టర్లకు ఫోను చేశాము. మొదటివాడు ఈ చలికాలానికి ఖాతాలు నవంబరులోనే నిండిపోయాయన్నాడు. రెండోవాడు తీయలేదు. మూడోవాడు ఎల్లుండి రాగలనన్నాడు, చెప్పిన ధర విని పిన్ని ఫోను పెట్టేసింది. అక్కడి ఆచారం ఏమంటే, అక్టోబరులోనే కంట్రాక్టరుతో చలికాలం మొత్తానికి ఒప్పందం చేసుకోవాలి: ఎన్ని అంగుళాలు పడితే వస్తాడు, కాలిబాట ఒక్కటేనా, మెట్లు గూడానా, ఉప్పు చల్లుతాడా, లారీ తోసిన గట్టు ఎవరు తీస్తారు. మంచు పడ్డాక వెతికేవాడు పెళ్ళిపందిరి వేసేనాడు వెదురు కొనబోయినవాడితో సమానం. పూర్వం కుర్రాళ్ళు పార భుజాన వేసుకొని ఇంటింటి తలుపూ కొట్టేవాళ్ళట. ఇప్పుడు ఆ చప్పుడు బాగా తగ్గింది. ఫోను యాప్‌లో మనిషిని పిలవవచ్చునట, బాబయ్య ఫోనులో ఆ యాప్ ఎక్కించడానికి కావలసిన సంకేతపదం కాలిఫోర్నియాలోని కొడుక్కే తెలుసు, అక్కడ ఇంకా తెల్లవారలేదు.

తరువాత నగరపాలక సంఘానికి. పిట్స్‌బర్గులో 311 అనే నంబరుకు ఫోను చేస్తే ఊరి పనులకు సంబంధించిన ఫిర్యాదులు తీసుకొంటారు. అరవై ఏళ్ళు దాటినవాళ్ళకూ, అంగవైకల్యం ఉన్నవాళ్ళకూ మంచు ఎత్తిపెట్టేందుకు ముందుకు వచ్చిన వాలంటీర్లను అదే పేటలో ఉన్నవాళ్ళతో జతచేసే ఏర్పాటు ఒకటి ఆ సంఘం నడుపుతున్నది. దాని పేరు ‘స్నో ఏంజెల్స్’, అనగా మంచు దేవదూతలు. కాని ఆ సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ పేరిట సెలవు. దేవదూతలకు గూడా ఆఫీసు వేళలు ఉంటాయన్నమాట. మంగళవారం ఫోను దొరికింది. ఎంతో మర్యాదగా పేరు, వయసు, చిరునామా రాసుకొన్నారు. మీ వీధికి దగ్గరలో ఎవరయినా పేరిస్తే తప్పక కలుపుతాము, మాట మాత్రం ఇవ్వలేము అన్నారు. అది న్యాయమైన మాటే. ఉచితంగా చేసేవాళ్ళు అడిగినవాళ్ళకంటె ఎప్పుడూ తక్కువే ఉంటారు గదా.

ఇక మిగిలింది మనవాళ్ళు. పిన్ని గుడి స్నేహితుల పట్టీ తీసింది. పిట్స్‌బర్గు పక్కన పెన్ హిల్సులో, కొండ వాలు మీద, తిరుపతి దేవుడి గుడి ఉన్నది. 1976లో వెలసింది. అమెరికాలో మన పద్ధతిలో కట్టిన మొదటి గుళ్ళలో ఒకటి. ఆ రోజులలో చందాలు పోగుచేసినవాళ్ళూ, వంటింట్లో పులిహోర కలిపినవాళ్ళూ, అందరూ పిన్నికి తెలుసు. వరసగా తొమ్మిది ఇళ్ళకు ఫోను చేశాము. మొదటావిడ, “మా ఆయనకు పోయిన నెల తుంటి మార్పిడి అయింది, నీకెవరయినా దొరికితే మాకూ పంపు” అన్నది. రెండో ఇంట్లో దంపతులు ఫ్లారిడా వెళ్ళిపోయారు. మూడో ఇంటాయన మాకే సాయం కావాలంటూ పావుగంట మాట్లాడాడు. నాలుగు, అయిదు... తొమ్మిది ఇళ్ళలో కలిపి పార ఎత్తగల మనిషి ఒక్కడు లేడు. అందరూ ఒకే ఏడాదుల్లో వచ్చారు, ఒకే ఏడాదుల్లో ఇళ్ళు కట్టుకొన్నారు, పిల్లలను ఒకేసారి దూరాలకు పంపారు, ఒకేసారి ముసలివాళ్ళయారు. అది మాకు అంతకుముందు తట్టలేదు. పిన్ని పట్టీ మడిచి, కళ్ళజోడు తీసి కాసేపు ఊరుకొన్నది.

తొమ్మిదో ఇంటావిడ మాత్రం ఒక సాయం చేసింది. విశ్వవిద్యాలయంలో చదువుకొనే తెలుగు కుర్రవాడి నంబరు ఇచ్చింది. మంగళవారం సాయంత్రం వాడు, వాడితో గదిలో ఉండే మరి ఇద్దరూ బస్సెక్కి వచ్చారు. ఒకడిది విజయనగరం వైపు, ఒకడిది గుంటూరు. మూడోవాడు తెలుగువాడు కాదు, సంబల్‌పూరు వాడు. మేము ఒడియాలో పలకరిస్తే ఉలిక్కిపడ్డాడు. ముగ్గురిలో ఎవరూ అంతకుముందు మంచు పార పట్టలేదు. ఉండేది అద్దె గదుల్లో, మంచు సంగతి ఇంటి యజమాని చూసుకొంటాడు. అయితే ఇరవైమూడేళ్ళ వయసు చేతిలో ఉన్నాక పార ఎంత! గంటన్నరలో మెట్లూ, కాలిబాటా, కారు ముందరి గట్టూ అన్నీ తీసి, ఉప్పు చల్లారు. మామూలు రాతి ఉప్పు బాగా చలి ముదిరితే పని చేయదు. అప్పుడు కాల్షియం క్లోరైడు అని వేరే దినుసు వాడాలి, అది బాబయ్య ముందే కొని పెట్టుకొన్నారు. అట్లాంటి ముందుచూపు అన్నిటిలోనూ ఉన్నది, మనిషిని అడగడంలో తప్ప.

పిన్ని వాళ్ళకు పప్పు, అన్నం, వేయించిన బరంపురం అప్పడాలు పెట్టింది. బాబయ్య డబ్బు ఇవ్వబోతే ముగ్గురూ చేతులు వెనక్కి పెట్టుకొన్నారు. తాతగారూ, మీ దగ్గర తీసుకొంటామా అన్నారు. వాళ్ళు వెళ్ళాక మేము సంతోషిస్తుంటే ఆయన ముఖం ముడుచుకొన్నారు.

“ఇంక ఆ పిల్లల్ని పిలవకండి అమ్మాయిలూ.”

“ఏం బాబయ్యా? ఎంత చక్కగా చేశారు!”

“అందుకే. డబ్బు తీసుకొంటే మళ్ళీ పిలవగలను. ఊరికే చేస్తే రెండోసారి పిలవడానికి నోరు రాదు.”

ఆ రాత్రి మాటల్లో ఫైలిన్ తుఫాను వచ్చింది. 2013 అక్టోబరు 12 రాత్రి అది మన గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు బరంపురంలో చెట్టు నిలవలేదు. తెల్లవారి చూస్తే మా సందులో మూడు చెట్లు అడ్డంగా పడి ఉన్నాయి. సందులోవాళ్ళందరూ గొడ్డళ్ళు, రంపాలు, కత్తులు, చేతికి ఏది దొరికితే అది తీసుకొని వచ్చారు. మధ్యాహ్నానికి రిక్షా పోయే దారి చేశారు. ఆడవాళ్ళం గంజి, టీ కాచి అందించాము. ఎవరూ ఎవరినీ పిలవలేదు అని మేము కాస్త గొప్పగానే చెప్పాము.

బాబయ్య విని, “అక్కడ గొడ్డలి పట్టలేనివాడు టీ అయినా అందిస్తాడు. ఇక్కడ నేనేం అందిస్తాను?” అన్నారు.

అప్పుడు పిన్ని అందుకొన్నది. ఎదురింట్లో పూర్వం ఒంటరి ముసలమ్మ ఉండేదట. పద్ధెనిమిది చలికాలాలు బాబయ్యే ఆవిడ వాకిలి ఎత్తారట. 2010 ఫిబ్రవరి 5, 6 తేదీలలో ఇరవై ఒక్క అంగుళాలు పడ్డప్పుడు, మూడు రోజులు తవ్వి, తన కారు కంటె ముందు ఆవిడ గుమ్మానికి దారి చేశారట. తవ్వుకొన్న కారుచోటును ఇంకొకరు ఆక్రమించకుండా విరిగిన కుర్చీ ఒకటి అడ్డం పెట్టడం పిట్స్‌బర్గువాళ్ళ ఆచారం. చట్టం ఏమీ లేదు, అయినా ఆ కుర్చీని ఎవరూ కదపరు. ఆవిడ చోట తన కుర్చీ పెట్టి వచ్చారని పిన్ని ఇప్పటికీ దెప్పుతుంది. ముసలమ్మ పోయింది. నాలుగేళ్ళ కిందట వేరే కుటుంబం వచ్చింది. వాళ్ళకు ఇవేమీ తెలియవు.

మరునాడు మేమిద్దరం చెప్పాపెట్టకుండా ఒక పని చేశాము. పిన్ని చేత మళ్ళీ గారెలు వేయించి, పళ్ళెం మీద మూత పెట్టి, ముఖాలకు మాస్కులు కట్టుకొని ఎదురింటికి వెళ్ళాము. ఇంటావిడ గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది. మాకు వచ్చిన ఇంగ్లీషులో బాబయ్య గుండె సంగతి, పిన్ని మోకాళ్ళ సంగతి, సోమవారం పొద్దున సంగతి దాచకుండా చెప్పాము. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొన్నది. “నాలుగేళ్ళుగా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాము. ఆయన అంత పద్ధతిగా, గీత గీసినట్టు చేస్తుంటే, ఎవరయినా ముట్టుకొంటే కోపం వస్తుందేమో అనుకొన్నాము” అన్నది. ఆవిడ వెనక పదిహేనేళ్ళ కూతురు నిలబడి, గారె కొరుకుతూ, “నేను చేస్తాను, నాకు డబ్బు కావాలి” అన్నది. ఆ పిల్ల మాట మాకెంతో నచ్చింది.

ఒప్పందం బాబయ్యే రాశారు, కాగితం మీద గళ్ళు గీసి. రెండంగుళాలు దాటితే రావాలి. మెట్లు ముందు, కాలిబాట తరువాత. బడి ఉన్న రోజున బడికి ముందు మెట్లు మాత్రం చాలు. ఒక్కసారికి ఇరవై డాలర్లు. ఆయన ముప్ఫై అన్నారు, పిల్ల ఇరవై చాలునన్నది. అట్లా తిరగబడ్డ బేరం మేమెన్నడూ చూడలేదు. మొదటి రెండుసార్లు అలారం పెట్టుకొని వచ్చింది. మూడోసారి ఆ పిల్లకు జ్వరం. అప్పుడు విద్యార్థి కుర్రవాణ్ణి పిలవక తప్పలేదు. డబ్బు తీసుకొంటేనే రావాలన్న షరతు మీద వాడు వచ్చాడు. అందుచేత ఒక మనిషి చాలడు, కనీసం ఇద్దరుండాలని తేలింది. పిన్ని ఇద్దరి నంబర్లూ, 311 నంబరూ పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించింది. పారను తాను బేస్‌మెంటులో ఎక్కడో దాచింది. ఒకరోజు బాబయ్య కొండచీపురు పట్టుకొని బయటికి పోబోతే, దాన్నీ దాచింది.

మధ్యలో ఒక ఆదివారం గుడికి వెళ్ళాము, ఫోర్బ్స్ ఎవెన్యూ మీది పెద్ద వంతెన దాటి. అయిదు రోజుల తరువాత, జనవరి 28 తెల్లవారుజామున, మంచు కప్పి ఉన్న ఆ వంతెనే కూలి లోయలో పడింది. దాని మీద ఒక బస్సు గూడా ఉన్నది. పదిమందికి దెబ్బలు తగిలాయి, దేవుడి దయవల్ల ఎవరూ పోలేదు. ఆనాడే అమెరికా అధ్యక్షుడు వేరే పని మీద ఆ ఊరు వచ్చి, వెళ్ళి చూశాడు. అదే సంవత్సరం డిసెంబరులో కొత్త వంతెన తెరిచారు. మాకు మాత్రం ఇప్పటికీ ఆ వార్త తలచుకొంటే అరికాళ్ళు చల్లబడతాయి.

నగరపు దేవదూత మార్చి దాకా రాలేదు. మా చుట్టుపక్కల పేరిచ్చినవాళ్ళు లేకపోయి ఉంటారు. ఆ ఏర్పాటును మేము తప్పుపట్టడం లేదు. ఎక్కడయినా ఒక ముసలివాడి మెట్లు ఎవరో ఎత్తే ఉంటారు. కాని మన పిల్లలు, బంధువులు చలిదేశాల్లో పెద్దవాళ్ళను పెట్టుకొని దూరాన ఉన్నట్టయితే, ఉచితపు ఏర్పాటులో పేరు రాయించి ఊరుకోవద్దని మాత్రం చెబుతాము. అక్టోబరులో ఫోను చేసి ఒక్క ప్రశ్న అడగండి: మీ మెట్లు ఈసారి ఎవరు ఎత్తుతున్నారు అని. “నేనే, నాకేం” అని జవాబు వస్తే, ఎదురింటివాళ్ళ నంబరు సంపాదించండి.

మార్చి నెలాఖరుకు మేము బరంపురం చేరాము. ఆ అక్టోబరులో బాబయ్యే ఫోను చేశారు, మామూలుగా ఆయన ఫోను చెయ్యరు. విద్యార్థి కుర్రవాడు ఉద్యోగం వచ్చి వేరే ఊరు వెళ్ళాడట. దసరానాడు గుళ్ళో భోజనాల దగ్గర కొత్తగా వచ్చిన పిల్లలు కూర్చొన్న బల్ల దగ్గరికి తానే వెళ్ళి అడిగారట. ఇద్దరు దొరికారు. ఎదురింటి పిల్ల పొట్టిది గనుక ఆ పిల్లకు సరిపడేట్టు పొట్టి కర్ర ఉన్న తేలిక పార ఒకటి కొన్నారు. అంతా చెప్పి, ఫోను పెట్టేయబోతూ, “అన్నట్టు అమ్మాయిలూ, అప్పడాలు పంపగలరా? మాకు కాదు, ఎదురింటివాళ్ళకు” అన్నారు.

పంపాము, నాలుగు కట్టలు. దారిలో సగం విరిగాయట.